నిప్పుల వాగు పక్కన నిలబడ్డాం!

సినిమాలో లావా ఎలా వస్తుందో మీకు తెలియంది కాదు. ముందు భూమి గడగడా వణుకుతుంది. కొండ బద్దలవుతుంది. తెరంతా ఎర్రబడిపోతుంది. వెనకాల వాయిద్యాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుని పరుగో పరుగు! 1997లో వచ్చిన ‘డాంటేస్ పీక్’లోనైతే హీరోగారు ఏకంగా లావా మీదనించే బండి నడిపేశాడు. టైర్లు అంటుకున్నాయే గానీ బండి ఆగలేదు. ఆ సీనుకి ఈల వేసినవాళ్లలో నేనూ వున్నాను, దాచడమెందుకు?

అసలు లావా ముందు నిలబడ్డ రోజున నాకు మొట్టమొదట తెలిసిన సంగతేమిటో చెప్పనా? దానికి పెద్దగా చప్పుడు లేదు! వాయిద్యాల్లేవు, గర్జనల్లేవు. దగ్గరికెళ్లి చెవి పెడితే పొయ్యిలో చితుకులు విరిగినట్టు సన్నగా చిటపట. అంతే. ఎవర్నీ తరిమే తొందర దానికి లేదు. ఆగే ఉద్దేశమూ లేదు.

ఇది 2016 ఆగస్టు నాటి కథ. మా అక్కయ్యని చూడ్డానికి కాలిఫోర్నియా వెళ్లివున్నాను. ఓ రాత్రి భోజనాల దగ్గర మా మేనల్లుడు ఫోన్‌లో ఏదో చూసి ఎగిరి గంతేశాడు. “మావయ్యా! హవాయిలో లావా సముద్రంలోకి దిగుతోందిట. నడిచెళ్లి చూడొచ్చుట. వెళ్దామా?”

“ఒరేయ్, నువ్వొక్కడివీ వెళ్లడానికి వీల్లేదు. మావయ్య వస్తేనే” అంది అక్కయ్య. వాడికి పంతొమ్మిదేళ్లు. నాకు వాడికన్నా రెట్టింపు దాటిన వయసు. అయినా ఇద్దర్లో ఎవరు ఎవరికి కాపలాగా బయల్దేరామో ఇప్పటికీ తేలలేదు.

ముప్ఫయ్యయిదేళ్లు ఆడిన బొమ్మ

హవాయి అంటే పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య వున్న దీవుల గుంపు. అమెరికాలో ఓ రాష్ట్రం. వాటిల్లో అన్నిటికన్నా పెద్ద దీవి పేరు కూడా హవాయే. అందుకని అందరూ దాన్ని ‘బిగ్ ఐలండ్’ అంటారు. దాని ఆగ్నేయపు మూల కిలవేయా అని ఓ అగ్నిపర్వతం వుంది. మనం బొమ్మల్లో చూసే కోసుగా నిలబడ్డ కొండ కాదది. బోర్లించిన పళ్లెంలాగా పరుచుకుని వుంటుంది. ఎత్తు 1250 మీటర్ల లోపే.

1983 జనవరి 9న మన రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు, గుర్తుంది కదూ? సరిగ్గా దానికి ఆరు రోజుల ముందు, జనవరి 3న, కిలవేయా తూర్పు పక్కన నేల చీలి లావా పైకి చిమ్మింది. అక్కడే ‘పూ ఓ ఓ’ అనే గుట్ట లేచింది. చిన్న చిన్న విరామాలు తప్పిస్తే ఆ లావా 2018 ఏప్రిల్ 30 దాకా పారుతూనే వుంది. వంద రోజులాడితే వేడుక చేసుకుంటాం మనం. ఇది ముప్ఫయ్యయిదేళ్లు ఆడిన బొమ్మ!

2016 మే 24న ఆ గుట్ట పక్కనించి కొత్త పాయ ఒకటి పుట్టింది. శాస్త్రవేత్తలు దానికి ‘61జి’ అని నెంబరిచ్చారు. అది కొండ దిగి, మైదానం దాటి, జులై 26న సముద్రాన్ని అందుకుంది. మా వాడు ఫోన్‌లో చూసింది దాన్నే.

“మా ఇల్లు ఇక్కడే వుంది”

హీలో పట్నంలో విమానం దిగి, కారులో కలపానా అనే వూరు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. వూరంటే వూరు కాదు. తారు రోడ్డు వచ్చి వచ్చి ఓ నల్లటి రాతి గోడకి గుద్దుకుని ఆగిపోతుంది. అవతలంతా గడ్డకట్టిన లావాయే. ఆ నల్లటి నేలమీద అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు. నేలతల్లి మీద కోపమొచ్చి ఎవరో తారుడబ్బా వొలకబోసినట్టుంది.

అక్కణ్ణించి కంకర బాట మీద ఆరేడు కిలోమీటర్లు పోవాలి. గుడారం కింద ఓ పెద్దావిడ సైకిళ్లు అద్దెకిస్తోంది. తలలో ఎర్రటి పువ్వు. మా కాళ్లకేసి చూసి, బూట్లు చేత్తో నొక్కి చూసి, “ఫరవాలేదు” అంది. “నీళ్లెన్ని సీసాలు? టార్చీలెన్ని? చేతి తొడుగులేవీ?” అని మా అక్కయ్యకన్నా ఎక్కువగా ఆరాలు తీసింది.

మా వాడు ఉత్సాహంగా, “మీరు లావాని దగ్గర్నించి చూశారా?” అనడిగాడు.

ఆవిడ నవ్వింది. కాలితో నేలమీద రెండుసార్లు తట్టి, “మా ఇల్లు ఇక్కడే వుంది. కిందికి” అంది.

1990లో జరిగిందిట. అప్పట్లో కలపానా అంటే నల్లటి ఇసక బీచి, వరసగా కొబ్బరి చెట్లు. దేశదేశాల వాళ్లు చూడ్డానికొచ్చేవారు. ఆ ఏడాది లావా వూళ్లోకి వచ్చింది. పరిగెత్తుకుంటూ కాదు, రోజుకింత. ఇవాళ పక్కవీధి, రేపు ఎదురిల్లు. వందకు పైగా ఇళ్లు పోయాయి. బీచి లావా కింద పడిపోయింది. వూళ్లోని చెక్క చర్చిని మాత్రం జనం ముందే బండి మీదికెక్కించి వేరేచోటికి తరలించుకున్నారు. ఆ చర్చి ఇప్పటికీ వుంది.

“మా వంతు వచ్చిన రోజున ఇల్లంతా తుడిచి, కడిగి, గుమ్మంలో పూలు పెట్టి వచ్చేశాం” అందావిడ. “ఇంటికి పెద్దమనిషి వస్తుంటే ఇల్లు మురికిగా వుంచుతామా?”

ఆ పెద్దమనిషి ఎవరో తెలుసా? పేలే! హవాయి వాళ్ల అగ్నిదేవత. మన గ్రామదేవతల్లాగే ఆవిడకి ప్రేమా ఎక్కువే, కోపమూ ఎక్కువే. భూమిని మింగేదీ ఆవిడే, కొత్త భూమిని కనేదీ ఆవిడే. చాలామంది ఆవిణ్ణి తమ వంశానికి మూలపుటమ్మ అని నమ్ముతారు.

సైకిలెక్కాక మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. మేం ఏదో వింత చూడ్డానికి బయల్దేరాం. మేం తొక్కుతున్నది ఒకళ్ల ఇంటి కప్పుమీద! ఆ సంగతి అంతవరకూ ఇద్దరికీ తట్టనే లేదు.

అ ఆ లతో మొదలు

ఎండ పైనుంచి కాలుస్తోంది. నల్లరాయి కిందనుంచి కాలుస్తోంది. ఎడమపక్క సముద్రం, కుడిపక్క కొండ, మధ్యలో చెట్టన్నది లేని నల్లటి మైదానం. అక్కడక్కడా పగుళ్లలోంచి ఫెర్న్ మొక్క ఒకటీ అరా తల పెట్టి చూస్తోంది. దూరంగా సముద్రం ఒడ్డున తెల్లటి ఆవిరి స్తంభం. అదే మా గుర్తు.

బాట చివర సైకిళ్లు వదిలేసి, పార్కు వాళ్లు తాళ్లు కట్టినచోటు దాటకుండా, కొండవైపుకి నడక మొదలెట్టాం. ఇక్కడ మీకో ముచ్చట చెప్పాలి. గట్టిపడ్డ లావా రెండు రకాలు. నున్నగా, మడతలు మడతలుగా, తాళ్లు చుట్టలు చుట్టి పడేసినట్టుండేది ‘పహొయిహొయి’. ముక్కలు ముక్కలై, ముళ్లకంపలా లేచి వుండేది ‘అ ఆ’. అవునండీ, అక్షరాలా అ ఆ! రెండూ హవాయి మాటలే. ప్రపంచంలోని భూగర్భశాస్త్రజ్ఞులంతా ఇవే వాడతారు. ఆ జూన్‌లోనే మన థియేటర్లలో ‘అ ఆ’ సినిమా వచ్చింది. “ఆ ‘అ ఆ’ చూసి నవ్వుకున్నాం, ఈ ‘అ ఆ’ మీద పడితే ఏడవాలి మావయ్యా” అన్నాడు మా వాడు. అన్న రెండు నిమిషాలకి నేను జారాను. చెయ్యి ఆనించానంతే, తొడుగు చిరిగి అరచెయ్యి గీసుకుపోయింది. ఆ రాయి పైపొర అంతా గాజే మరి! పెద్దావిడ తొడుగులు అడిగిందెందుకో అప్పుడర్థమైంది.

కాస్త ముందుకెళ్లాక నేల రంగు మారింది. పాత లావా బూడిదరంగు. కొత్తది వెండిలా తళతళలాడుతుంది. అడుగేస్తే అప్పడాల మీద నడిచినట్టు కరకరమంటుంది. పగుళ్లలో బంగారు రంగు దారాలు చిక్కుకుని వున్నాయి. చిమ్మిన లావా గాలికి సాగి సన్నటి గాజుపోగులవుతుంది. వాటిని ‘పేలే వెంట్రుకలు’ అంటారు. ముట్టుకుంటే చేతిలో గుచ్చుకుంటాయి.

గంధకం వాసన ముక్కుకి తగిలింది. గాలి మా వెనకనించి వీస్తోంది కాబట్టి బతికిపోయాం. ఎదురుగా గాలి వణుకుతోంది, వేసవిలో తారురోడ్డు మీద వణికినట్టు.

“మావయ్యా... అదుగో!”

అరిసెల పాకం

నేను చూసింది ఏరు కాదు. ముందుగా ఓ నల్లటి బుంగలాంటిది. తాబేలు వీపంత వుంటుంది. చూస్తూండగానే అది ఉబ్బింది. మీద చిన్న చీలిక వచ్చింది. అందులోంచి పండు నారింజరంగులో, అరిసెల పాకం గిన్నె వంచితే జారినట్టు, నిదానంగా బయటికి జారింది. గాలి తగిలీ తగలకముందే దానిమీద వెండిరంగు పొర కట్టింది. వెనకనించి తోపు రాగానే ఆ పొర పాలమీద మీగడలా ముడతలు పడింది. ఆ ముడతలే గట్టిపడి, మేం ఇంతసేపూ తొక్కుకుంటూ వచ్చిన తాళ్ల చుట్టలవుతాయి! నిమిషంలో నల్లబడిపోయింది. పక్కన ఇంకోటి ఉబ్బింది.

అడుగు ముందుకేస్తే ముఖం కాలుతోంది. వెనక్కేస్తే మళ్లీ చూడాలనిపిస్తోంది. లోపలి వేడి దాదాపు 1150 డిగ్రీలు. 1064 దగ్గర బంగారమే కరిగిపోతుంది. ఆడవాళ్లెవరైనా నగలు వేసుకుని దగ్గరికి పోకండి! ఇనుము మాత్రం కరగదు. దానికి 1500 దాటాలి.

ఇంత వేడి కొండమీదనించి పది కిలోమీటర్లు ప్రయాణం చేసి చల్లారకుండా ఎలా వచ్చింది? అదే చిత్రం. పైన గట్టిపడ్డ పొర కప్పులా అయిపోతుంది. లావా దానికింద సొరంగంలో పారుతుంది. థర్మాస్ ఫ్లాస్కులో కాఫీలాగా వేడి పోకుండా వచ్చేస్తుంది. అంటే మీ ఎదురుగా కనపడే లావా కొంచెమే. మిగతాది మీ కాళ్లకింద ఎక్కడుందో మీకు కనపడదు.

ఆ మాట నాకు అప్పుడు గుర్తుకు రావలసింది. రాలేదు. మా వాడు ఫోన్ పట్టుకుని నాలుగడుగులు పక్కకి వెళ్లాడు. అక్కడ బల్లపరుపుగా, నల్లగా, తారురోడ్డులా వుంది. దానిమీద నిలబడి, వెనకాల లావా పడేలా ఫొటో దిగాలని వాడి ప్లాను. ఓ కాలు ఎత్తాడు. నాకేమనిపించిందో ఏమో, చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగేశాను. “ఏంటి మావయ్యా!” అని వాడు విసుక్కుంటూండగానే ఆ బల్లపరుపు మధ్యలో గీత పడింది. ఎర్రటి గీత. అది నోరు తెరిచింది.

ఇద్దరం మాట్లాడలేదు. వాడి బూటు అడుగు చూస్తే రబ్బరు మెత్తబడి గాళ్లు చెరిగిపోయివున్నాయి. నాకు కాళ్లలో వణుకు కారు ఎక్కేదాకా తగ్గలేదు. మా అక్కయ్యకి ఈ ముక్క ఇంతవరకూ చెప్పలేదు. ఈ వారం పత్రిక ఆవిడ కంటపడకుండా చూడాలి!

అన్నట్టు, సినిమాల్లో విలన్ లావాలో పడి గుబుక్కున మునిగిపోతాడు చూడండి, అదీ అబద్ధమే. లావా నీళ్లకన్నా రెండు రెట్లకు పైగా బరువు. మనిషి అందులో నీళ్లలో మునిగినట్టు మునగడు. పైపైనే కాలిపోతాడు.

చెట్టయిన ప్రియుడు, పువ్వయిన ప్రియురాలు

చీకటి పడ్డాక అసలు బొమ్మ మొదలైంది. పగలు బూడిదరంగుగా కనపడ్డ కొండచరియ మీద ఎర్రటి గీతలు వెలిగాయి. తిరిగి ఒడ్డుకొచ్చి తాడు ఇవతల నిలబడ్డాం. కమొకునా అనే ఆ చోట గట్టు అంచునించి నిప్పు ధారలు సముద్రంలోకి పడుతున్నాయి. కెరటం తగిలినప్పుడల్లా తుస్సుమని ఆవిరి లేస్తుంది, ఎర్రగా వెలిగి మాయమవుతుంది. చుట్టూ వంద మందికి తక్కువ లేరు. ఒక్కళ్లూ మాట్లాడ్డం లేదు. ఆ ఆవిరి మామూలు ఆవిరి కాదు. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గాజుపొడీ కలిసి వుంటాయి. గాలి మళ్లిందంటే మూటాముల్లే సర్దుకోవలసిందే.

తిరిగి వచ్చి సైకిళ్లు అప్పగించేటప్పుడు పెద్దావిడ తలలో పువ్వు గురించి మా వాడు అడిగాడు. అది లెహువా పువ్వు. దాని వెనక మన దర్శకులెవరూ ఇంకా తియ్యని కథొకటుంది.

ఓహియా అందగాడు. పేలే మనసు పడింది. “నేను లెహువాని ప్రేమించాను” అన్నాడు అతను. పేలే కోపంతో అతన్ని వంకర చెట్టుగా మార్చేసింది. లెహువా ఏడ్చింది. దేవతలకి జాలేసి, ఆమెని అదే చెట్టుకి పువ్వుగా పూయించారు. అందుకే ఆ పువ్వు కోస్తే వాన పడుతుందంటారు, విడిపోయిన ప్రేమికుల కన్నీళ్లట! కథ అలా వుంచితే, గట్టిపడ్డ లావా మీద ముందుగా వేళ్లూనుకునే చెట్లలో ఓహియా ఒకటి. పేలే కాల్చిన చోటే అది పూస్తుంది.

“మరి మీరు కోశారుగా?” అన్నాడు మా వాడు.

“రాలిందే తెచ్చుకున్నాను” అందావిడ.

ఎంత దగ్గరైతే దగ్గర?

ఆ ఏడాది డిసెంబరు 31న ఆ ఒడ్డున లావా సముద్రంలో కట్టిన కొత్త నేల ఇరవై ఎకరాలకు పైగా విరిగి నీళ్లలో పడిపోయింది. జనం నిలబడి చూసే పాత గట్టులో కొంత కూడా దాంతోనే పోయింది. మేం నిలబడి నాలుగు నెలలే అయింది. ఫోన్‌లో ఆ వార్త చదువుతుంటే నా అరచేతి మచ్చ దురదపెట్టింది.

2018 మేలో కిలవేయా దిగువన ఇళ్ల మధ్యే నేల చీలింది. 700కు పైగా ఇళ్లు పోయాయి. కపోహో అనే సముద్రపు కొలను లావాతో పూడిపోయింది. జులై 16న లావా చూపించడానికి సముద్రం మీద వెళ్లిన పడవ మీద కాలే రాయి పడి 23 మందికి దెబ్బలు తగిలాయి. వాళ్లూ మాలాగా చూడ్డానికి వెళ్లినవాళ్లే.

‘ఫైర్ ఆఫ్ లవ్’ అనే డాక్యుమెంటరీ 2022లో వచ్చింది. దొరికితే తప్పక చూడండి. కాత్యా, మోరిస్ క్రాఫ్ట్ అని ఫ్రాన్స్ దంపతులు. అగ్నిపర్వతాలే వాళ్ల కాపురం. లావా పక్కన నిలబడి వాళ్లు తీసిన బొమ్మల ముందు ఏ ట్రిక్ ఫొటోగ్రఫీ ఆగదు. 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ కొండ దగ్గర వేడి బూడిద మేఘం ముంచెత్తి ఇద్దరూ ఒక్కసారే పోయారు. ఆ రోజు పోయినవాళ్లు మొత్తం 43 మంది. ఎంతో తెలిసినవాళ్లకే అలా అయింది. ఫోన్ పట్టుకున్న మావాడికీ, అరిచెయ్యి కోసుకున్న నాకూ తెలిసిందెంత?

మీలో ఎవరైనా వెళ్తే ఒక్క మాట. మేం నడిచిన లావా 2018లోనే ఆగిపోయింది. 2024 డిసెంబరు 23న కిలవేయా శిఖరం మీది హలెమౌమౌ గోతిలో మళ్లీ లావా లేచింది. ఆ తర్వాత విడతలు విడతలుగా, ఒక్కోసారి 300 మీటర్లు దాటి ఎగసింది. దాన్ని పార్కు అంచునించే చూస్తారు. తాడు కట్టినచోట తాడు ఇవతలే వుండండి. ఆ తాడు కట్టినవాళ్లకి ఆ నేల సంగతి మనకన్నా తెలుసు.

పంగిడి గుట్ట దగ్గర

కిందటేడు మా వాడు ఇండియా వచ్చాడు. కొవ్వూరు పక్కన పంగిడి, గౌరీపట్నం క్వారీల దగ్గరికి తీసుకెళ్లాను. మా గోదావరి జిల్లాల్లో రోడ్లకి వేసే నల్ల కంకర ఎక్కువగా అక్కడిదే. చిన్నప్పట్నించీ చూస్తున్న గుట్టలే. అది లావా అని హవాయి నించి వచ్చాక గానీ తెలుసుకోలేదు, సిగ్గుచేటు! 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ అంతా లావా పరుచుకున్న రోజుల్లో, పడమటి కనుమల వైపునించి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని శాస్త్రవేత్తలు చెప్తారు. అప్పుడు కాలరు పట్టుకుని లాగేందుకు మనుషులే లేరు.

మా వాడు ఓ నల్లరాయి ముక్క తీసి జేబులో వేసుకోబోయి ఆగిపోయాడు. హవాయినించి రాయి తెచ్చుకుంటే పేలేకి కోపమొస్తుందని అక్కడ చెప్తారు. భయపడి రాళ్లని తిరిగి పోస్టులో పంపేవాళ్లు కూడా వున్నారు.

“ఇది ఎవర్నడిగి తీసుకోవాలి మావయ్యా?” అన్నాడు.

క్వారీ వాచ్‌మన్ని అడిగాం. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, “ఆయ్, లారీడు తీస్కెళ్లండి బాబూ!” అన్నాడు.

ఒక్కటే తెచ్చుకున్నాం. నా బల్లమీద పాత సినిమా పత్రికలు ఎగిరిపోకుండా వాటిమీద బరువుగా వుందది.